ఎంతిస్తది? బాయి దారిలో టర్బో కారు

గోదావరిఖనిలో కొత్త కారు కొన్నవాణ్ని జనం రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది "ఎంత పడ్డది?" రెండోది "ఎంతిస్తది?" ధర చెప్పడానికి ఎవరూ వెనకాడరు. మైలేజీ దగ్గరికి వచ్చేసరికే మనుషులు వేరైపోతారు. మామూలు చిన్న కారు కొన్నాయన గొంతు పెంచి ఇరవై అంటాడు, ఇరవై రెండు అంటాడు. టర్బో హ్యాచ్‌బ్యాక్ కొన్న కుర్రాడు మాత్రం "హైవే మీదైతేనా..." అని మొదలుపెడతాడు. హైవే సంగతి సరే, ఊళ్లో మాటేమిటని అడిగితే విషయం మార్చి సౌండ్ సిస్టమ్ గురించి చెప్తాడు. అతను దాటేసిన ఆ ఊళ్లో లెక్కనే ఈ పూట కాస్త విప్పి చూద్దాం.

ఈ కుర్రాళ్లెవరో మీకు తెలుసు. బాపు ముప్పై ఏళ్లు సైకిల్ మీదో, ఆ తర్వాత బజాజ్ స్కూటర్ మీదో బాయికి, అంటే బొగ్గు గనికి, పోయి వచ్చాడు. 2018 నుంచి సింగరేణిలో కారుణ్య నియామకాలు మళ్లీ సాగడంతో కొడుకు అదే కంపెనీలో చేరాడు. దసరా ముందు లాభాల వాటా పడుతుంది. 2024లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం కార్మికులకు పంచారు. దీపావళికి బోనస్ ఉంటుంది. డౌన్ పేమెంట్ అక్కణ్నుంచే పుడుతుంది. పాతికేళ్లవాడు ఎర్ర గీతలున్న సీట్లు, రెండు గొట్టాల సైలెన్సర్ ఉన్న బండి కావాలనుకుంటే తప్పేం లేదు. ఎనిమిది గంటలు భూమి లోపల చీకట్లో పనిచేసి పైకొచ్చినవాడికి కాస్త దూకుడున్న బండి మీద మనసు పోవడం నాకైతే సహజంగానే కనిపిస్తుంది.

మన దేశంలో ఈ తరహా బండ్ల వరస పెద్దదేమీ కాదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ వచ్చింది, 105 హార్స్ పవర్‌తో. 2017లో మారుతి బలెనో ఆర్ఎస్ తెచ్చింది. లీటరు టర్బో ఇంజన్‌తో వచ్చి మూడేళ్లకే వెళ్లిపోయింది. 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. రెండింటిలోనూ 120 హార్స్ పవర్. వీటిలో ఏ ఒక్కదానికీ ఇంజన్ 1200 సీసీ దాటదు, పొడవు నాలుగు మీటర్లు దాటదు. కారణం ఇంజనీర్ల దగ్గర కన్నా పన్ను లెక్కల్లో ఎక్కువుంది. 2006 బడ్జెట్ నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ బండిని చిన్న కారు అంటున్నాం. చిన్న కారుకు పన్ను తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతానికి దిగింది కూడా. ఇంజన్ సైజు పెంచితే పన్ను పెరుగుతుంది. సైజు పెంచకుండా బలం పెంచాలంటే కంపెనీలకు మిగిలిన దారి టర్బో.

టర్బో అంటే ఏమిటో ఈ బొగ్గు బెల్టులో చెప్పడం తేలిక. బాయి మీద పెద్ద ఫ్యాను లేకపోతే లోపల మనిషి పని చేయలేడని మీకు తెలుసు. ఆ ఫ్యాను లోపలి చెడుగాలిని బయటకు లాగుతుంది. టర్బో చేసేదీ గాలి పనే, కాకపోతే దిశ వేరు. అది ఇంజన్‌లోకి గాలిని తోస్తుంది. దాన్ని తిప్పడానికి వేరే కరెంటు అక్కర్లేదు. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తిపెట్టి సిలిండర్లలోకి పంపుతుంది. నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది. 1905లో ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కార్లలో మనం చూడ్డానికి చాలాకాలం పట్టింది గానీ ఓపెన్‌కాస్ట్‌ల మీద డంపర్ నడిపేవాళ్లకు ఇది కొత్త కాదు. 60 టన్నులు, 100 టన్నులు మోసే డంపర్లన్నీ టర్బో డీజిల్ ఇంజన్లవే. ర్యాంపు ఎక్కి వచ్చిన డంపర్‌ను వెంటనే ఆపేయకుండా కాసేపు ఊరికే తిరగనివ్వాలని ఆ ఆపరేటర్లకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. గాలి ఎంత పోతే దానికి తగ్గ పెట్రోల్ పోవాలి. ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా మండాలంటే పద్నాలుగున్నర గ్రాములకు పైగా గాలి కావాలి. టర్బో గాలిని రెట్టింపు దగ్గరగా తోసిందంటే పెట్రోల్ కూడా అంతే పడుతుంది. కాబట్టి మీరు మెల్లగా తొక్కినంతసేపు అది వెయ్యి సీసీల బుద్ధిమంతుడైన ఇంజన్. గట్టిగా తొక్కారా, పదహారు వందలో పద్దెనిమిది వందలో సీసీల ఇంజన్ తాగేంత తాగుతుంది. ఒకే బానెట్ కింద రెండు ఇంజన్లున్నాయి. ఏది నడవాలో మీ కుడికాలు చెప్తుంది. ఒకే మోడల్ బండికి ఒకాయన పది అంటే ఇంకొకాయన పదిహేడు అనడం వెనక అబద్ధం ఉండనక్కర్లేదు. మామూలు ఇంజన్‌లో ఇంత తేడా రాదు.

మరి కంపెనీ కాగితం మీద లీటరుకు ఇరవై కిలోమీటర్లు అని ఎలా రాశారు? ఐ20 ఎన్ లైన్‌కు ఆ అంకె దాదాపు అంతే. ఆ అంకె రోడ్డు మీద పుట్టదు. 1966లో పుణెలో పెట్టిన ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఇరవై నిమిషాలకు కాస్త తక్కువసేపు, ముందే రాసిపెట్టిన పద్ధతిలో నడుపుతారు. ఆ పరుగులో అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లు. వేగం పెంచడం కూడా చాలా నెమ్మదిగా ఉంటుంది. ఏసీ వేయరు. చుట్టూ ఇరవై నుంచి ముప్పై డిగ్రీల చల్లదనం. అంత నెమ్మదైన పరుగులో టర్బోకు పెద్దగా పనే పడదు, బుద్ధిమంతుడి ముఖం మాత్రమే కనిపిస్తుంది. పరీక్షలో మోసం ఏమీ లేదు. కాకపోతే అది రామగుండం మే నెల కాదు, అందులో స్పీడ్ బ్రేకర్లూ లేవు.

ఇప్పుడు మన దారి చూద్దాం. ఎయిట్ ఇంక్లైన్ కాలనీ నుంచో, సెంటినరీ కాలనీ నుంచో, మార్కండేయ కాలనీ నుంచో ఫస్ట్ షిఫ్ట్‌కు బయల్దేరిన మనిషి ఏడింటికల్లా బాయి మీద ఉండాలి. దూరం నాలుగు కిలోమీటర్లు, మహా అయితే ఆరు. అంటే ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. చల్లని ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి ఇంజన్ కంప్యూటర్ కొంచెం ఎక్కువ పోస్తుంది. ఆయిల్ చిక్కగా ఉండి లోపలి రాపిడి పెరుగుతుంది. ఎనిమిది గంటల తర్వాత మళ్లీ చల్లబడిన బండి, మళ్లీ అవే నాలుగు కిలోమీటర్లు. ఏ బండికైనా ఇది చెడ్డ ప్రయాణమే. టర్బోకు ఇంకొంచెం చెడ్డది, ఎందుకంటే ఆయిల్ వేడెక్కకముందే మస్టర్ హాజరుకు ఆలస్యమైందని గట్టిగా తొక్కితే పెట్రోలే కాదు, టర్బో బేరింగుల ఆయుష్షు కూడా పోతుంది. అలాగని ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడం కూడా దండగే. అర నిమిషం చాలు. కదిలి మెల్లగా పోతుంటేనే ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది.

స్పీడ్ బ్రేకర్ల మాట తీస్తే నాకు కొంచెం ఆవేశం వస్తుంది, క్షమించాలి. రాజీవ్ రహదారి మీద ఊరూరికీ ఉన్నవి, కాలనీల్లో ఎవరికి వాళ్లు పోసుకున్నవి, అన్నీ కలిపి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు. ఒక్కోటి మనకు ఎంత ఖర్చు పెడుతుందో మాత్రం లెక్క కట్టొచ్చు. మనిషితో కలిపి పదకొండు వందల యాభై కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల మీద వస్తోంది. బ్రేకర్ ముందు 20కి దిగింది. మళ్లీ 60కి ఎక్కింది. బ్రేకు ప్లేట్ల మీద వేడిగా పోయిన ఆ శక్తిని తిరిగి కూడగట్టడానికి, ఇంజన్ తాను తాగినదాంట్లో నాలుగో వంతే చక్రాలకు చేరుస్తుంది అనుకుంటే, పద్దెనిమిది ఇరవై మిల్లీలీటర్ల పెట్రోల్ కావాలి. లీటరు నూటపది రూపాయల దరిదాపుల్లో ఉంది. అంటే బ్రేకర్‌కు రెండు రూపాయలు. టోల్ గేటు దగ్గర రసీదు ఇస్తారు, ఇక్కడ ఇవ్వరు, అంతే తేడా. బ్రేకర్‌ను తీసేయడం మన చేతిలో లేదు గానీ, దూరం నుంచే చూసి కాలు తీసేయడం మన చేతిలో ఉంది. చివరిదాకా తొక్కి బ్రేకు కొట్టేవాడు రెండు రూపాయలూ కడతాడు. నూట యాభై మీటర్ల ముందే కాలు తీసి దొర్లించుకొచ్చేవాడు అందులో కొంత మిగుల్చుకుంటాడు.

దొర్లించడం అంటే న్యూట్రల్‌లో వేయడం కాదు. గోదావరి బ్రిడ్జి దాటి దిగువకు వస్తుంటే బండిని న్యూట్రల్ చేసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ రోజుల అలవాటది. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీసేస్తే కంప్యూటర్ పెట్రోల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తన్ను తాను నిలబెట్టుకోవడానికి తాగుతూనే ఉంటుంది, పైగా బ్రేకు మీద భారమంతా పడుతుంది.

ఇక మూడు గంటల ఎండ. ఫస్ట్ షిఫ్ట్ దిగి మే నెలలో కారు తలుపు తీసినవాడికి ఇది వేరే చెప్పాలా? స్టాండుల్లో రేకుల నీడ ద్విచక్ర వాహనాలకే సరిపోతుంది, కార్లు చాలాచోట్ల ఎండలోనే నిలబడతాయి. బయట 45 డిగ్రీలుంటే లోపల అరవై దాటుతుంది. స్టీరింగ్ మీద చెయ్యి నిలవదు. ఏసీ నాలుగో నంబర్ మీద పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, పక్కన నిలబడి తోటివాళ్లతో పది నిమిషాలు మాట్లాడటం ఇక్కడ మామూలు దృశ్యం. నిలబడి ఉన్న లీటరు ఇంజన్ ఏసీతో గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఆ పది నిమిషాలకు పద్నాలుగు నుంచి పద్దెనిమిది రూపాయల దాకా పోయాయి, బండి అంగుళం కదల్లేదు. అన్ని తలుపులూ ఒకసారి తెరిచి, అద్దాలు దించి, మొదటి అర కిలోమీటరు వేడిగాలిని బయటకు పోనిచ్చి, తర్వాత అద్దాలెక్కించి ఏసీ వేస్తే లోపల తొందరగా చల్లబడుతుంది. ఖర్చూ తక్కువ.

చిన్న ఇంజన్‌కు ఏసీ ఎందుకు అంత బరువు అంటే, ఊళ్లో ముప్పై నలభై మీద పోయే బండిని కదిలించడానికి కావలసిన బలమే చాలా తక్కువ. కాలిపోతున్న క్యాబిన్‌ను చల్లార్చడానికి ఏసీ కంప్రెసర్ అడిగేది ఇంచుమించు దానికి దగ్గరగా ఉంటుంది. అందుకే మండు వేసవిలో ఊరి మైలేజీ ఐదో వంతు దాకా పడిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

టర్బోకు ఎండతో ఇంకో పేచీ కూడా ఉంది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టిన ఎవరికైనా తెలుసు. 45 డిగ్రీల గాలిని టర్బో గట్టిగా ఒత్తితే అది నూరు డిగ్రీలు దాటిపోతుంది. మధ్యలో ఇంటర్‌కూలర్ దాన్ని కొంత చల్లారుస్తుంది గానీ, దానికి తగిలే బయటి గాలే నిప్పులా ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? అంత వేడి గాలిలో, స్పార్క్ అంటించిన మంట తన దాకా రాకముందే మిగిలిన పెట్రోల్ తనంత తాను అంటుకునే ప్రమాదం ఉంది. దాన్నే నాకింగ్ అంటారు, పిస్టన్లు పాడవుతాయి. దాన్ని తప్పించడానికి కంప్యూటర్ స్పార్క్‌ను కొంచెం ఆలస్యం చేస్తుంది. స్పార్క్ ఆలస్యమైతే అదే పెట్రోల్‌కు పని తక్కువ జరుగుతుంది. మరీ గట్టిగా తొక్కుతూనే ఉంటే సిలిండర్లను చల్లార్చడానికి అదనంగా పెట్రోల్ కూడా పోస్తుంది. ఆ పెట్రోల్ బండిని ముందుకు నడపదు, ఇంజన్‌ను కాపాడుతుంది, అంతే. మధ్యాహ్నం మూడింటికి బసంత్‌నగర్ దగ్గర వరసగా లారీలను ఓవర్‌టేక్ చేసుకుంటూ పోయినవాడి మైలేజీ స్క్రీన్ మీద ఎందుకు అంత కిందికి దిగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

అయితే టర్బోలో ఒక మంచి గుణం ఉంది. షోరూంలో దీన్ని సరిగ్గా చెప్పరు, ఎందుకో తెలియదు. ఎన్ లైన్ ఇంజన్‌కు 172 న్యూటన్ మీటర్ల లాగుడు 1500 చుట్ల దగ్గరే నిండుగా అందుతుంది, 4000 దాకా అలాగే ఉంటుంది. టర్బో లేని 1200 సీసీ ఇంజన్‌కు నాలుగు వేల చుట్ల దగ్గర కూడా అందులో మూడింట రెండు వంతులే. దీని అర్థం ఏమిటంటే, టర్బో బండిని ఎక్కువ తిప్పాల్సిన అవసరమే లేదు. 1700, 1800 చుట్ల దగ్గర గేరు మార్చేస్తూ, నలభై దాటగానే నాలుగు, అరవై దగ్గర ఐదు వేసుకుంటూ పోతే ఆ బండి నిండా మనుషులున్నా లాగుతుంది. చుట్లు తగ్గితే రాపిడి తగ్గుతుంది, తాగుడూ తగ్గుతుంది. స్పోర్టీ బండి అని పేరుంది కదా అని ప్రతి గేరునూ మూడు వేలు, నాలుగు వేల దాకా గుంజేవాడు ఆ ఇంజన్ కట్టినవాళ్ల కష్టాన్ని వృథా చేస్తున్నాడు. ఆటోమేటిక్ బండిలో ఈ పని అదే చేసుకుంటుంది, స్పోర్ట్ మోడ్ నొక్కనంతవరకు.

అలాగని చుట్లు మరీ తగ్గించకూడదు. 1200 చుట్ల దగ్గర ఐదో గేరులో ఉండి, ముందున్న బొగ్గు లారీని దాటాలని అడుగంటా తొక్కితే చిన్న టర్బో ఇంజన్లకు అది చాలా చేటు. తక్కువ వేగంలో, ఎక్కువ ఒత్తిడిలో మంట దారి తప్పి పిస్టన్ పగిలే రకం జబ్బు ఒకటి ఈ ఇంజన్లకు ఉంది. కంపెనీ చెప్పిన ఇంజన్ ఆయిలే పోయాలని పట్టుబట్టడానికి అదీ ఒక కారణం. లారీని దాటేటప్పుడు ఒక గేరు దించండి, గట్టిగా తొక్కండి, దాటేయండి. అక్కడ పెట్రోల్ గురించి ఆలోచించకండి. ఓవర్‌టేక్‌లో రూపాయి మిగల్చాలనుకునేవాడి పక్క సీట్లో నేను కూర్చోను.

హైదరాబాద్ ప్రయాణం సంగతి కొద్దిలో చెప్తాను. ఇక్కణ్నుంచి రెండు వందల ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. గాలి అడ్డుపడే బలం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది కాబట్టి, పెద్దగా మారని టైర్ల రాపిడిని కలుపుకున్నా, 80 మీద పోయేవాడికన్నా 100 మీద పోయేవాడికి ప్రతి కిలోమీటరుకూ మూడో వంతు ఎక్కువ శక్తి కావాలి. 120 మీద పోతే ముప్పావు వంతు ఎక్కువ. మధ్యలో పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్, సిద్దిపేట, ఇంకా మూడు టోల్ గేట్లు ఉండగా, 120 కొట్టి మిగుల్చుకున్న నిమిషాలు షామీర్‌పేట దాటాక ట్రాఫిక్‌లో పోతాయి. 80, 90 మధ్య ఆరో గేరులో నిలకడగా పోయే టర్బో హ్యాచ్‌బ్యాక్ పదహారు నుంచి పద్దెనిమిది ఇస్తుందని నడిపేవాళ్లు చెప్తారు, అది నమ్మదగ్గ మాటే. ఊళ్లో పది నుంచి పదమూడు అనేది కూడా నమ్మదగ్గదే. ఎవరైనా ఊళ్లో పద్దెనిమిది అంటే టీ తాగించి పంపించేయండి.

పెట్రోల్ గురించి రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. లెక్క వేస్తే కలపని పెట్రోల్‌తో పోలిస్తే లీటరుకు ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, పది శాతం కలిసినదానితో పోలిస్తే మూడు నాలుగు శాతం. బండి పాడైందేమోనని మెకానిక్ చుట్టూ తిరిగేముందు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకో పక్క, ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ. మన ఎండల్లో టర్బో ఇంజన్‌కు అది కొంత ఉపకారమే చేస్తుంది. అలాంటప్పుడు కాలనీ నుంచి బాయికి పోయేవాడు లీటరుకు అదనంగా కట్టి ఖరీదైన ప్రీమియం పెట్రోల్ పోయించుకోవడం ఎందుకో నాకు అంతుబట్టదు.

బొగ్గు దుమ్ము వల్ల ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి మైలేజీ పడిపోతుందని మన దగ్గర గట్టి నమ్మకం. ఫిల్టర్ తీసి దులిపితే నల్లటి పొడి రాలుతుంది, కళ్లారా చూశాక ఎవరు కాదంటారు? కానీ అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో దీన్ని పరీక్షించి, ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గుతుందే తప్ప మైలేజీ పెద్దగా మారదని తేల్చింది. గాలి తగ్గితే కంప్యూటర్ పెట్రోల్ కూడా తగ్గిస్తుంది కదా. అయినా ఫిల్టర్ మార్చండి. ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన బతికేవాళ్లు పుస్తకంలో రాసిన గడువుకన్నా ముందే మార్చండి. అది ఇంజన్ ఆయుష్షు కోసం, టర్బో రెక్కల కోసం. మైలేజీ కోసమైతే టైర్లలో గాలి చూసుకోండి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఎండలో వేడెక్కిన టైరు గాలి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే చూడాలి.

ఇన్ని చెప్పాను గానీ, ఇదంతా ఎవరికి ఎంత ముఖ్యమో రూపాయల్లో చూస్తే తప్ప తెలియదు. కాలనీ నుంచి బాయికి, అక్కణ్నుంచి చౌరస్తాకు, ఆదివారం మంచిర్యాలకు, అన్నీ కలిపి నెలకు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకోండి. లీటరుకు పది ఇస్తే నలభై లీటర్లు, పదమూడు ఇస్తే ముప్పై ఒకటి. తేడా నెలకు వెయ్యి రూపాయలు. నెలకు పదిహేను, ఇరవై వేల కిస్తీ కడుతూ ఈ వెయ్యి కోసం నిద్ర పాడుచేసుకోవడం అనవసరం. ఇష్టపడి కొన్న బండి, ఇష్టంగా నడుపుకోవచ్చు. పిల్లల చదువుల కోసం కరీంనగర్‌లో కాపురం పెట్టి రోజూ ఇక్కడికి వచ్చిపోయేవాళ్లున్నారు. వాళ్ల లెక్క వేరు. రానూపోనూ రోజుకు నూటముప్పై, నెలకు మూడు వేల పైన. పద్నాలుగు ఇచ్చే చెయ్యికీ పద్దెనిమిది ఇచ్చే చెయ్యికీ మధ్య తేడా నెలకు ఐదున్నర వేల పైనే. నేను ఈ ప్రసంగంలో చెప్పినదంతా నిజానికి వాళ్లకోసం. చిత్రమేమిటంటే "ఎంతిస్తది" అని ఎక్కువ బెంగపడేది మాత్రం మొదటి రకంవాళ్లే.

ఆ బెంగలో ఇంకో తమాషా ఉంది. మన దగ్గర చాలామంది బంకులో "ఐదు వందలకు కొట్టు" అంటారు. మళ్లీ లైటు వెలిగితే మళ్లీ ఐదు వందలు. ఇలా పోయించుకునేవాడికి తన మైలేజీ ఎప్పటికీ తెలియదు, అడిగినప్పుడల్లా ఊహించి చెప్తాడు. స్క్రీన్ మీద కనిపించే అంకె కూడా చాలా బండ్లలో కాస్త గొప్పలు చెప్తుంది. ఆటో కట్ పడేదాకా ట్యాంకు నింపి, ట్రిప్ మీటర్‌ను సున్నా చేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే మిషన్ దగ్గర మళ్లీ ఆటో కట్ దాకా నింపి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఎన్ లైన్ ట్యాంకు 37 లీటర్లే కాబట్టి ఒక్కసారి నింపడం మరీ మోయలేని ఖర్చేమీ కాదు.

కరెంటు కారు కొంటే ఈ గొడవే లేదు కదా అనేవాళ్లున్నారు. ఉండొచ్చు. నూరు కిలోమీటర్లకు ఆ బండికి పదిహేను యూనిట్లు కావాలి, దారిలో పోయేది కలుపుకుంటే పదిహేడు. యూనిట్‌కు ముప్పావు కిలో లోపు బొగ్గు. అంటే 2600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ కరెంటుతో నడిచే కారు నూరు కిలోమీటర్లకు పదకొండు, పన్నెండు కిలోల బొగ్గు తింటుంది. మనం తవ్వి పంపిన బొగ్గు తీగ మీదుగా మన వాకిట్లోకే వస్తుంది. పెట్రోల్ బంకు దగ్గర మన చేతిలో లేనిది ఇక్కడ కొంత ఉందన్న తృప్తి కొందరికి ఉండొచ్చు. దాని మంచిచెడ్డలు ఇంకో రోజు ప్రసంగానికి సరిపోతాయి.

చివరగా, వచ్చే దసరాకు బండి చూస్తున్నవాళ్లకు ఒక పనికొచ్చే మాట. టెస్ట్ డ్రైవ్ అనగానే షోరూంవాళ్లు పొద్దున పదింటికి, ఖాళీ రోడ్డు మీదికి తీసుకుపోతారు. మీరు ఒప్పుకోకండి. మధ్యాహ్నం మూడింటికి, షిఫ్ట్ మారే వేళకు, ఎఫ్‌సీఐ క్రాస్ రోడ్ మీదుగా ఖని చౌరస్తాకు తీసుకుపోండి. ఏసీ వేసి, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి, బయల్దేరేముందు మైలేజీ మీటర్‌ను సున్నా చేయమనండి. సేల్స్ కుర్రాడు "అన్నా, ట్రాఫిక్‌ల తక్కువే చూపిస్తది" అంటాడు. చూపించనివ్వండి. మీరు రోజూ నడపబోయేది ఆ రోడ్డు మీదే.